లండన్ పోలీసు నోట ‘కుడితిలో పడ్డ ఎలుక’ రావచ్చా?

రాత్రిపూట సబ్‌టైటిల్స్:
ఇంగ్లీషు సిరీస్‌లకు తెలుగు సబ్‌టైటిల్స్ రాయడం నా పని. నిన్న ఒక్క డైలాగ్ దగ్గర నాకూ నా పని చూసే సీనియర్‌కీ పెద్ద వాదన అయింది, రాత్రంతా అదే బుర్రలో తిరుగుతోంది, అందుకే ఇక్కడ అడుగుతున్నా. లండన్‌లో ఒక ఇన్‌స్పెక్టర్ తన కింద పనిచేసే కుర్రాడితో ‘యూ హావ్ ల్యాండెడ్ అజ్ ఇన్ హాట్ వాటర్’ అంటాడు. ఆ కుర్రాడు పై అధికారికి చెప్పకుండా వెళ్ళి ఒక సాక్షిని కలిసొచ్చాడు, అదీ సందర్భం. నేను ‘నీ వల్ల కుడితిలో పడ్డ ఎలుకల్లా అయిపోయాం’ అని రాశా. సీనియర్ అది కొట్టేసి ‘నువ్వు మమ్మల్ని సమస్యలోకి నెట్టావు’ అని మార్చారు. లండన్‌లో కుడితి ఎక్కడుంది, ఆ మనిషి జన్మలో గేదెకి కుడితి పెట్టి ఉంటాడా అన్నారు. ఆ మాటకొస్తే ఆ మనిషికి తెలుగే రాదు కదండీ, మనం మాట్లాడిస్తున్నాం. మాట్లాడించేటప్పుడు తెలుగువాడికి తగిలేలా మాట్లాడించాలని నా వాదన. మీరేమంటారు?

తెనాలి తెలుగు టీచర్:
బాబూ, నీదే సరి. ముప్ఫై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పాను, మన భాషలో కష్టానికి ఉన్నన్ని మాటలు సుఖానికి లేవు. ‘ఆస్కింగ్ ఫర్ ట్రబుల్’ అంటే ‘కష్టాన్ని అడుగుతున్నాడు’ అని రాస్తే ఎవరికి అర్థమవుతుంది? కొరివితో తల గోక్కుంటున్నాడు అంటే చాలు, చదివేవాడికి చురుక్కుమంటుంది. దెయ్యానికీ నడి సముద్రానికీ మధ్య ఉన్నాను అంటాడు ఇంగ్లీషువాడు, మనకి ముందు నుయ్యి వెనుక గొయ్యి ఉంది, అడకత్తెరలో పోకచెక్క ఉంది, కరవమంటే కప్పకు కోపం విడవమంటే పాముకు కోపం ఉంది. ఇన్ని పెట్టుకుని ‘సమస్య’ అనే ఒక్క మాటతో సరిపెట్టడం దేనికి? పెనం మీద నుంచి పొయ్యిలో పడటమైతే వాళ్ళకీ మనకీ ఒక్కటే, ఆ వంటింటి అనుభవం ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కర్లేదు.

మక్కీకి మక్కీ:
టీచర్ గారూ, గౌరవంగానే విభేదిస్తున్నా. సామెత అంటే ఒక్క అర్థమే కాదు, దాని వెనక ఒక ఊరు ఉంటుంది. ఏడాదిలో సగం మంచు కప్పుకునే దేశం కథలో ‘మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు’ అని చదివితే నాకు ఒక్కసారిగా ఆ దేశం మాయమైపోయి మా పొలం గట్టు మీది తాటిచెట్టు కనిపిస్తుంది. కథ చదివేది అక్కడికి వెళ్ళడానికి కదా. పైగా పరాయి పోలిక తెస్తే తెలుగువాళ్ళకి ఎక్కదు అనేది నేను ఒప్పుకోను. టీ కప్పులో తుఫాను అని మన పేపర్లు ఎన్నేళ్ళుగా రాస్తున్నాయి? అది అచ్చం ఇంగ్లీషు నుంచి దించిందే, రాజకీయ వార్తల్లో అదిప్పుడు మన మాటే అయిపోయింది. నష్టాల్లో ఉన్న ప్రాజెక్టుని తెల్ల ఏనుగు అంటాం. బయటపడింది మంచుకొండ కొన మాత్రమే అంటాం, మంచుకొండ చూసిన తెలుగువాళ్ళు ఎంతమంది? ఇంకా పాత ఉదాహరణ కావాలంటే తెలుగు బైబిల్లో అపొస్తలుల కార్యములు 26వ అధ్యాయం చూడండి, ‘మునికోలలకు ఎదురు తన్నుట నీకు కష్టము’ అని ఉంటుంది. ముల్లుగర్రకి ఎదురు తన్నే ఎద్దు తనకే దెబ్బ తెచ్చుకుంటుంది, ఆ పోలిక అలాగే తెచ్చారు, నాగలి పట్టినవాళ్ళకి వివరణ కూడా అక్కర్లేకపోయింది.

తెనాలి తెలుగు టీచర్:
ఎద్దు వాళ్ళకీ ఉంది, మనకీ ఉంది, అందుకని నిలిచింది నాయనా. అలాగని ‘వేడినీళ్ళలో దింపావు’ అని రాసి చూడు, చన్నీళ్ళకి వేడినీళ్ళు తోడు అన్నట్టు మనకి వేడినీళ్ళు హాయి. తలంటు గుర్తొస్తుంది, తిప్పలు గుర్తురావు.

నల్గొండ నుంచి:
ముందుగా ఒకటి అడగాలి, కుడితి అంటే ఏంటండీ? నాకు ఇరవై మూడు, హైదరాబాద్‌లోనే పెరిగిన, నిజంగా తెలియదు. రెండోది, మీరందరూ తెలుగు జాతీయం తెలుగు జాతీయం అంటున్నరు గదా, ఎవరి తెలుగు? ఆ డైలాగ్ మా ఇంట్లో అయితే ‘మమ్ముల ఆగం చేసినవ్ గదరా’ అంటరు. లొల్లి, పరేషాన్, గోస, ఆగమాగం, ఇవన్నీ ట్రబులే, దేని వాసన దానిది. సబ్‌టైటిల్స్‌ల ఇవి ఎప్పుడన్న కనబడ్డయా? విలన్ పక్కన ఉండేటోడు మాట్లాడితే తప్ప కనబడవు. లండన్‌ల కుడితి లేదని కొట్టేసిన సార్, ‘ఆగం’ అని రాస్తే ఏ కారణం చెప్పి కొట్టేస్తరో నాకు తెలుసు.

తెనాలి తెలుగు టీచర్:
బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, తవుడు, కూరగాయల తొక్కలు కలిపి గోలెంలో పోసి పశువులకి పెడతారమ్మా, అదే కుడితి. ఎలుక అందులో పడితే పైకి రాలేదు, చావనూ చావదు, కొట్టుకుంటూ ఉంటుంది. నువ్వు అడిగిన రెండో మాట నాకు గుచ్చుకుంది. ఆగం అనే మాట నేను పాఠంలో ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పాల్సింది.

పాత డెస్క్:
ఆలస్యంగా చూశాను. నేను తెలుగు పత్రికలో సబ్ ఎడిటర్‌ని, రాత్రి డ్యూటీలో పీటీఐ, యూఎన్ఐ వార్తా సంస్థల ఇంగ్లీషు కాపీ ముందు పెట్టుకుని తెలుగు చేయడమే నా బతుకు. అందరూ సామెతల మీద కొట్టుకుంటున్నారు, నా అనుభవంలో తెలుగు పాడయ్యేది సామెత దగ్గర కాదు, చిన్న క్రియల దగ్గర. ‘బ్రేక్ డౌన్’ తీసుకోండి. బస్సు బ్రేక్ డౌన్ అయితే దారిలో ఆగిపోయింది. చర్చలు బ్రేక్ డౌన్ అయితే బెడిసికొట్టాయి. కోర్టులో తల్లి బ్రేక్ డౌన్ అయితే బోరుమంది. మూడింటికీ మూడు క్రియలు మన నాలుక మీదే ఉన్నాయి, అయినా డెస్క్‌లో కొత్తగా చేరినవాళ్ళు మూడింటికీ ‘విచ్ఛిన్నం’ అని రాసుకొచ్చేవాళ్ళు. ‘ఫాల్ అవుట్’ అంటే ‘విభేదాలు తలెత్తాయి’ అని రాస్తారు, అన్నదమ్ములకి చెడింది అంటే సరిపోయేదానికి. ‘బ్లో ఓవర్’ అంటే సద్దుమణిగింది. ‘ఫెల్ త్రూ’ అంటే సంబంధం తప్పిపోయింది, బేరం కుదరలేదు. మెషీన్ ‘యాక్టింగ్ అప్’ అంటే మొరాయించింది, ఎన్నికల రోజు ఈవీఎంలు మొరాయించాయి అని ఇప్పటికీ రాస్తున్నారు కదా, ఎంత చక్కటి మాట, ఎద్దు కదలనని మొండికేసినట్టు యంత్రం కళ్ళముందు కనబడుతుంది. ఇంగ్లీషువాడు చిన్న క్రియ పక్కన అప్, డౌన్, అవుట్ తగిలించి చేసే పనిని మనం ఇరుక్కుపోవు, కూరుకుపోవు, గట్టెక్కు, చేతులెత్తేయు అని రెండు ముక్కలు అతికించి చేస్తాం. వాడి చిన్న మాటకి మన చిన్న మాటే జోడీ. ఇవన్నీ వదిలేసి ‘సమస్యను ఎదుర్కొంటున్నారు’ ఒక్కటి పట్టుకున్నాం. రైతు సమస్యను ఎదుర్కొంటున్నాడు, కారు సమస్యను ఎదుర్కొంటోంది, కడుపు సమస్యను ఎదుర్కొంటోంది. చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఇక మీ డైలాగ్. కుడితి లండన్‌లో ఉందా లేదా అనేది పక్కన పెట్టండి, అసలు అర్థమే కలవలేదు. హాట్ వాటర్ అంటే పైవాళ్ళ కోపానికి దొరికిపోవడం, అక్షింతలు పడబోతున్నాయని. కుడితిలో ఎలుక అంటే బయటికి దారిలేక గిలగిల్లాడటం. ఆ ఇన్‌స్పెక్టర్‌కి ఇంకా అంత దూరం రాలేదు. మీ సీనియర్ చెప్పిన కారణం తప్పు, కొట్టేయడం మాత్రం సరైనదే. ఆయన దాని బదులు రాసింది ఇంకా తప్పు.

డల్లాస్ అమ్మ:
డెస్క్ గారూ, ‘ఎదుర్కొంటున్నారు’ గురించి మీరు రాసింది చదివి మా అమ్మ గుర్తొచ్చింది. ఆవిడ గుంటూరులో ఒక్కరే ఉంటారు, ఫోన్‌లో తెలుగు పెట్టుకుని డబ్బు పంపడం నేర్చుకున్నారు. ఒకరోజు అర్ధరాత్రి నాకు ఫోన్, గొంతు వణుకుతోంది, ‘నేనేదో తప్పు చేశానంటమ్మా, ఫోన్‌లో వచ్చింది’ అని. చూస్తే ‘ఏదో తప్పు జరిగింది’ అని ఉంది. ‘సమ్‌థింగ్ వెంట్ రాంగ్’కి వాళ్ళు చేసిన తెలుగు అది. ఇంగ్లీషులో అది ఎవరినీ వేలెత్తి చూపదు. తెలుగులో తప్పు అంటే ఎవరో చేసిందే, ఆ ఎవరో తనే అని ఆవిడ తెల్లార్లూ టెన్షన్ పడ్డారు, డబ్బు పోయిందేమోనని నిద్రపోలేదు. ‘పని అవలేదు, మీ డబ్బు ఎక్కడికీ పోలేదు, కాసేపాగి మళ్ళీ చూడండి’ అని రాస్తే ఏం పోయింది? సినిమా డైలాగ్ తేడా వస్తే నష్టం లేదు, ఇక్కడ మనిషి భయపడింది.

ఇంకోటి చెప్పాలి, దీనికి పూర్తిగా ఎదురుగా. మా వాడు ఇక్కడే పుట్టాడు, తెలుగు బాగానే అర్థమవుతుంది. మొన్న నేను ఫోన్‌లో ‘మీ మామయ్య చివరి నిమిషంలో హ్యాండిచ్చాడు’ అంటుంటే విని, ‘వావ్, మామయ్య హెల్ప్ చేశాడా’ అన్నాడు. వాడి ఇంగ్లీషులో చేయివ్వడం అంటే సాయం, మన ‘హ్యాండివ్వడం’ అంటే నట్టేట వదిలేయడం. మాట ఇంగ్లీషుదే, మోసం మాత్రం మన భాషది. మరి దీన్ని ఇంగ్లీషులోకి ఎలా తిప్పుతారో మక్కీకి మక్కీ గారు చెప్పాలి.

మక్కీకి మక్కీ:
చెప్పలేనండీ, అక్కడ నా పద్ధతి పనిచేయదు, ‘లెట్ అజ్ డౌన్’ అనుకోవాల్సిందే. పాత డెస్క్ గారు చెప్పిన క్రియల విషయంలో నాకు పేచీ లేదు. జాతీయాల దగ్గర మాత్రం నా మాట మార్చుకోను. 1868లో మద్రాసులో కెప్టెన్ కార్ అనే ఇంగ్లీషు దొర మన సామెతల్ని ఇంగ్లీషులో పుస్తకంగా వేసినప్పుడు, సామెతని అనువదించి, అర్థం కాని చోట వివరించాడు. మన సామెతలు తీసేసి వాళ్ళవి మాత్రమే పెట్టి ఉంటే ఆ పుస్తకానికి అర్థమే లేదు. మన మాటని వాళ్ళు అలా చూసినప్పుడు వాళ్ళ మాటని మనమూ అలాగే చూడాలి కదా.

పాత డెస్క్:
పుస్తకంలో వివరణకి చోటుంటుంది. ఈ సబ్‌టైటిల్స్ రాసే ఆయనకి తెరమీద ఉన్నది రెండు లైన్లు, రెండు మూడు సెకన్లు.

రాత్రిపూట సబ్‌టైటిల్స్:
అందరికీ థాంక్స్, నిజంగా. డెస్క్ గారు చెప్పింది చదివాక ఆ సీన్ మళ్ళీ నాలుగుసార్లు చూశా. ఆ ఇన్‌స్పెక్టర్ గొంతులో గిలగిల లేదు, విసుగు ఉంది. ‘మమ్మల్ని కూడా ఇరికించేశావు కదయ్యా’ అని రాసి పంపా. ‘కదరా’ అని రాయబోయి ఆగా, వాళ్ళిద్దరూ కలిసి పనిచేయడం మొదలుపెట్టి వారమే అయింది, ఇంగ్లీషులో ‘యూ’ ఒక్కటే కాబట్టి ఈ బాధ వాళ్ళకి లేదు. కుడితి వదల్లేదు, నాలుగో ఎపిసోడ్‌లో అప్పులవాళ్ళు చుట్టుముట్టిన గుమాస్తా ఒకడున్నాడు, అక్కడ పెట్టా, లండన్ అయినా సరే. ‘ఆగం’ కూడా ఒకచోట పెట్టా, ఈసారి హీరోయిన్ నోట. కొట్టేస్తే వచ్చి చెప్తా. ఇవాళ్టి చిక్కు ‘ఎ కెన్ ఆఫ్ వర్మ్స్’. తేనెతుట్టె కదిపావు అని రాశా, బాగుందా?

పాత డెస్క్:
తేనెతుట్టె కదిపితే ఈగలు అప్పటికప్పుడే కుడతాయి. పురుగుల డబ్బా అలా కాదు, మూత తీశాక ఒకదాని వెనక ఒకటి పాకుతూ బయటికొస్తాయి, ఆగవు. కేసు ఎలాంటిది? పాత గొడవలు ఒక్కొక్కటిగా బయటపడేదైతే తీగ లాగితే డొంకంతా కదిలింది అనే మాట చూడండి.