యూరప్‌లో భర్త పోయినవాళ్లు నిజంగానే వ్యాపారాలు నడిపారా?

చిత్తూరు బెల్లం:
మాది బెల్లం మండీ. నాన్న పోయి రెండేళ్లు. కర్మలు కూడా కాకముందే మా పెదనాన్న వచ్చి "నువ్వు ఇంట్లో ఉండమ్మా, మండీ మేం చూసుకుంటాం" అన్నాడు. అమ్మ వినలేదు, ఇప్పుడు తెల్లారేసరికి కాటా దగ్గరుంటుంది, దిమ్మె అంచు గిల్లి నోట్లో వేసుకుని రకం చెప్పేస్తుంది. బిల్లు పుస్తకం మీద మాత్రం ఇంకా నాన్న పేరే. మొన్న చదివాను, ఫ్రాన్స్‌లో వోవ్ క్లికో అని ఒక షాంపేన్ ఉందట, వోవ్ అంటే విధవ. మన దగ్గర తిట్టయిపోయిన మాట అక్కడ సీసా మీద! వాళ్లకి అంత స్వేచ్ఛ ఉండేదా?

తిరుపతి లెక్చరర్:
1805లో భర్త పోయేనాటికి ఆ క్లికో అనే ఆవిడకు 27 ఏళ్లు. మామగారు పెట్టుబడి పెట్టారు. 1814లో నెపోలియన్ యుద్ధం ముగుస్తుండగా అందరికన్నా ముందు రష్యాకు సరుకు పంపింది. అయితే అసలు సంగతి చట్టంలో ఉందండి. అప్పట్లో ఇంగ్లండ్‌లో అయితే పెళ్లయిన ఆడమనిషి సంతకానికి విలువ ఉండేది కాదు, ఆస్తంతా మొగుడి చేతిలోనే. ఆయన పోయాకే ఆమె సొంతంగా ఒప్పందం రాసుకోగలిగేది, కోర్టుకెళ్లగలిగేది. భర్త భూమిలో మూడో వంతు ఆమెకొచ్చేది, అదీ బతికినన్నాళ్లు అనుభవించడానికే. విధవకు బలవంతంగా మళ్లీ పెళ్లి చేయకూడదని 1215లో ఇంగ్లండ్ రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా పత్రంలో రాయాల్సి వచ్చిందంటే అంతకుముందు ఏం జరిగేదో చూడండి, ఆమె పెళ్లి హక్కును రాజులు డబ్బుకు అమ్ముకునేవాళ్లు.

పుత్తూరు మనవరాలు:
స్వేచ్ఛ అంటే ఒప్పుకోను. ఇంగ్లండ్ పల్లెల్లో చాలాచోట్ల మొగుడి కౌలు పొలం విధవకు వచ్చేది, మళ్లీ పెళ్లాడితే పోయేది. జర్మన్ ఊళ్లలో చేతిపనివాళ్ల సంఘాలు భర్త పనిశాల నడుపుకోనిచ్చేవి, కానీ కొన్నిచోట్ల దానికి గడువు. మన 1856 వితంతు వివాహ చట్టం కూడా అంతే, పెళ్లి చేసుకోవచ్చు, మొదటి భర్త ఆస్తి మాత్రం వదులుకోవాల్సి వచ్చేది. మా జేజికి రెండెకరాలు ఉండేది, అనుభవించాలే గానీ అమ్మకూడదు అన్నారు. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాకే అది పూర్తిగా ఆమెదైంది. పాసుబుక్కు గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకునేది, మమ్మల్ని కూడా తాకనిచ్చేది కాదు.

కొర్లగుంట:
ఇవన్నీ ఆస్తి ఉన్నవాళ్ల కథలు. లేనివాళ్లు నూలు వడికారు, బట్టలుతికారు, గది అద్దెకిచ్చారు, చివరికి చర్చి ఇచ్చే సాయం కోసం నిలబడ్డారు. వాళ్లే ఎక్కువ.

తిరుపతి లెక్చరర్:
నిజం. ఒకటి మరిచాను, 16వ శతాబ్దం పారిస్‌లో షార్లెట్ గియార్ రెండుసార్లు విధవై, అచ్చుయంత్రాల పని తానే నడిపింది. పుస్తకాల మీద తన పేరే వేయించుకుంది. మీ అమ్మగారి బిల్లు పుస్తకం సంగతి చూడండి.

చిత్తూరు బెల్లం:
రాత్రి అడిగాను సార్. నాన్న పేరు తీయొద్దంది. కాసేపాగి, "కింద నాది కూడా వెయ్యి, అదే సైజులో" అంది.