దసరాకు 3 వేలల్లో ఇల్లు మార్చుడు: కొత్తవి కొనాలా, ఉన్నవే తిప్పి వాడాలా?

హన్మకొండ కోడలు:
మాది కిరాయి ఇల్లు. రెండు గదులు, హాలు, పై అంతస్తు. సద్దుల బతుకమ్మ నాటికి అత్తగారి వైపు నుంచి 12 మంది వస్తున్నారు, ఇల్లు కొంచెం కొత్తగా కనపడాలని నా ఆశ. చేతిలో ఉన్నది 3 వేలు. కర్టెన్లు నాలుగు, కుషన్ కవర్లు ఐదు, ఒక ప్లాస్టిక్ పూలతీగ ఆన్‌లైన్‌లో కార్ట్‌లో వేసి పెట్టిన. 2,840 అయింది. మా ఆయనేమో "కాలం కాలానికీ ఇల్లు మార్చుడేంది, అదంతా ఫోన్ చూసి తెచ్చుకున్న రోగం" అంటున్నాడు. కొనమంటారా? ఓనర్లు గోడకు మేకు కొట్టనివ్వరు, అది మనసులో పెట్టుకొని చెప్పండి.

కాజీపేట అన్న:
రోగం అన్నందుకు మీ ఆయన్ని ఒకటి అడగండి చెల్లె. ఆయన చిన్నప్పుడు పెత్రమాసకు (బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు) ముందు వాళ్లమ్మ ఇల్లంతా దులిపి, గోడలకు సున్నం వేసి, గడపకు జాజు పూయలేదా? మా ఇంట్లో అయితే ఎండకాలం వాకిట్లో పందిరి పడేది, కిటికీకి వట్టివేళ్ల తడక కట్టి నీళ్లు చల్లేవాళ్లం. వానలకు ముందు కప్పు మీది గూన పెంకులు సర్దించేవాళ్లు. కాలాన్ని బట్టి ఇల్లు మార్చుకోవడం ఫోన్లు రాకముందే ఉంది. అయితే దానికి కార్ట్ నింపుకోవడం మాత్రం అప్పుడు లేదు.

కరీంనగర్ లెక్కల సార్:
అన్నా, సున్నం షోకు కోసం వేయలేదు. వానలకు గోడ నాని పెచ్చులూడితే వేసేవాళ్లు. తడక వేడికి, గూనలు ఉరవకుండా. అవసరాన్ని తీసుకొచ్చి కుషన్ కవర్ల పక్కన కూర్చోబెడితే ఎట్ల? ఆమె అడిగేది చుట్టాలకు బాగా కనపడటం గురించి. నా లెక్క చెప్తా: ఏడాదికి నాలుగుసార్లు 2,840 అంటే 11,360. చాలా ఇండ్లల్ల నెల కిరాయి కంటే ఎక్కువ.

హన్మకొండ కోడలు:
సార్, ఏడాదికి నాలుగుసార్లు కొంటానని నేను అనలేదు కదా :) అయినా చుట్టాలొస్తే బాగా కనపడాలనుకోవడం కూడా అవసరమే. మాటలు పడేది నేను.

కొత్తవాడ పిల్ల:
అక్కా, మా నాయన షత్రంజీలు, అంటే నేల మీద పరిచే నూలు జంపఖానాలు నేస్తాడు, అందుకే నా మాటలో కొంచెం స్వార్థం ఉందని ముందే చెప్తున్న. వరంగల్ షత్రంజీలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకని చెప్పే ముద్ర వచ్చింది, మీకు తెలిసే ఉంటది. కర్టెన్లు ఆపి, హాలుకు నాలుగడుగులు ఇంటూ ఆరడుగుల షత్రంజి ఒకటి తీసుకోండి. మేకు అక్కర్లేదు, ఇల్లు మారితే చుట్టుకొని పోవచ్చు. డిజైన్ నేతలోనే పడితే రెండు వైపులా ఒక్కతీరుగ ఉంటది, ఒక దిక్కు మాసితే తిప్పి వేస్తే సరిపాయె. కొనేముందు తప్పకుండా వెనక్కి తిప్పి చూడండి. వెనక రంగు వెలవెలబోయి ఉంటే అది పైన అచ్చు వేసింది. అచ్చు వేసిందీ చెడ్డదేం కాదు, కానీ నేత ధర మాత్రం పెట్టకండి.

మట్టెవాడ అత్త:
నేను కొని అనుభవించిన దాన్ని, ఇంకో దిక్కు కూడా వినండి. పెద్దది, ఆరు ఇంటూ తొమ్మిది తెచ్చిన. నీళ్లు తాగినంక దాన్ని ఎత్తడం ఒక్కరి వల్ల కాదు. వానకాలంలో ఉతికితే మూడు రోజులైనా ఆరలేదు, ముక్కిన వాసన. పైగా మొదటి ఉతుకులో ఎరుపు దిగి మా ఆయన తెల్ల లుంగీ గులాబీ అయింది, వారం రోజులు ఇంట్లో అదే ముచ్చట.

కొత్తవాడ పిల్ల:
అత్తమ్మా, మొదటిసారి విడిగా, చల్ల నీళ్లల్లోనే ఉతకాలి, నీడన ఆరేయాలి. వానకాలంలో అసలు పరవొద్దు, ఎండలో ఒక పూట వేసి, వేపాకు పెట్టి చుట్టి అటక ఎక్కించాలి. మడత పెడితే మడత దగ్గరే అరుగుతది. దసరాకు దించితే చలికాలం మొత్తం కాళ్ల కింద వెచ్చగ ఉంటది. మార్చిలో మళ్లీ పైకి. ఎండకాలం ఉత్త బండ మీద పడుకున్న సుఖం వేరే.

కరీంనగర్ లెక్కల సార్:
ఇది నాకు నచ్చింది. తీసేయడానికి పైసలు కావు.

జనగామ బావ:
పెంబర్తి ఇత్తడి చెంబు ఒకటి పెట్టండి, హాలుకే కళ వస్తది.

మట్టెవాడ అత్త:
చింతపండు పెట్టి వారం వారం తోమేది నువ్వా బావా?

కాజీపేట అన్న:
చెల్లె, ప్లాస్టిక్ పూలతీగ మాత్రం వద్దు. నెలకే దుమ్ము పట్టి బూజులెక్క వేలాడుతది. పైగా దీపావళికి దీపాలు పెట్టేటప్పుడు పక్కన పాలిస్టర్ కర్టెన్, ప్లాస్టిక్ ఆకులు, వద్దే వద్దు. బతుకమ్మకు ఎట్లాగూ గునుగు తెస్తరు. ఒక కట్ట ఎక్కువ తెచ్చి, తలకిందులుగా నీడకు వేలాడదీయండి. రంగు నిలిచి నెలల తరబడి ఉంటది. తంగేడుతో ఆ పని కాదు, రేకులన్నీ రాలిపోతయి.

హన్మకొండ కోడలు:
గునుగు మాట అత్తగారికి ఫోన్లో చెప్పిన. "బతుకమ్మ మీదికి తెచ్చిన పువ్వు షోకేసులో పెడతవా" అన్నరు. విడిగా తెచ్చిన కట్ట అని చెప్పినంక ఊరుకున్నరు. ఇంకో ముచ్చట. షత్రంజి సంగతి వినంగనే "మా పెండ్లప్పటిది అటక మీద ఉంది, తెస్తా" అన్నరు. నలభై ఏండ్ల కిందటిదట! పూలతీగ, కుషన్ కవర్లు కార్ట్ నుంచి తీసేసిన. కర్టెన్లు మాత్రం కొంటున్న, కాకపోతే చౌరస్తా దగ్గర నూలు గుడ్డ కొని కుట్టించుకుంట. పడమటి కిటికీకి తెల్లవి, ఎండకాలానికి కూడా పనికొస్తయి.

కరీంనగర్ లెక్కల సార్:
ఎంతయింది మొత్తం?

హన్మకొండ కోడలు:
ఇంకా దర్జీ చెప్పలేదు సార్. మా ఆయన మాత్రం అటక ఎక్కి బూజు దులుపుతున్నడు.