మనసులో బొమ్మ కనిపించని అమ్మాయికి డిజైన్ ఎలా నేర్పాలి?

అందరికీ నమస్కారం. మాది ఉమ్మడి నల్గొండ జిల్లాలోని పుట్టపాక ప్రాంతం. చిటికి నేతలో మగ్గం ఎక్కించక ముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతాం కనుక, నేసిన తర్వాత చీర ఎలా ఉంటుందో ముందుగానే ఊహించుకోగలగడం ఈ పనికి ప్రాణమని మా పెద్దలు చెబుతారు. మా అన్న కూతురు మాత్రం కళ్లు మూసుకుంటే తనకు ఏ రూపమూ కనిపించదని, వాళ్లమ్మ ముఖం ఎలా ఉంటుందో తెలుసు గానీ మనసులో కనబడదని అంటోంది. అయినా గ్రాఫు కాగితం మీద గళ్లు లెక్కపెట్టుకుంటూ తను గీసే నమూనాలు ఎంతో కొత్తగా ఉంటాయి.

ఈ తేడాను 1880లోనే బ్రిటన్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ గమనించారని, 2015లో నరాల వైద్య నిపుణుడు ఆడమ్ జెమన్ బృందం దీనికి ఎఫాంటేసియా అని పేరు పెట్టిందని, యానిమేషన్ సినిమాలు తీసే పిక్సార్ సంస్థ సహ వ్యవస్థాపకుడు ఎడ్ క్యాట్‌మల్‌ కూడా ఇలాంటివారేనని చదివాను. కాబట్టి సృజనకు ఇది అడ్డని నేను నమ్మను. నన్ను ఆలోచనలో పడేసింది భావోద్వేగం సంగతి. 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇలాంటివారు భయం గొలిపే కథలు చదివినప్పుడు వారి శరీరంలో భయం తాలూకు స్పందన దాదాపు కనిపించలేదు. బొమ్మలు చూపినప్పుడు మాత్రం ఇతరుల్లాగే స్పందించారు. అలాగైతే మాటలతో వర్ణించడం కంటే నేసిన గుడ్డను ఎదురుగా పెట్టి నేర్పడమే మేలనుకోవచ్చా?

మనసులో బొమ్మలు ఎంత స్పష్టంగా కనిపిస్తాయో తెలుసుకోవడానికి మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మార్క్స్ 1973లో ప్రచురించిన 16 అంశాల ప్రశ్నావళిని తెలుగులో అడిగి, ఫలితాన్ని వివరించగల మనస్తత్వ నిపుణులు మహబూబ్‌నగర్‌లో గానీ హైదరాబాదులో గానీ ఉంటే దయచేసి తెలియజేయండి. తమకూ ఇలాగే ఉండి బొమ్మలు గీసేవారు, రంగుల పొందికను ఏ పద్ధతిలో నిర్ణయించుకుంటారో కాస్త వివరంగా రాయగలరు.