ఐదు మొక్కలు చచ్చిపోయాయి, అనోవా (గ్రూపుల సగటులను పోల్చే పరీక్ష) చేయొచ్చా?

ప్రశ్న: ఎమ్మెస్సీ అగ్రికల్చర్ చేస్తున్నానండీ. వేరుశనగ మీద కుండీల ప్రయోగం. మూడు గ్రూపులు: రెండు రకాల విత్తనశుద్ధి, ఒకటి శుద్ధి చేయనిది. ఒక్కోదానికి 12 కుండీలు. శుద్ధి చేయని గ్రూపులో మొదలుకుళ్లు తెగులొచ్చి 7 మొక్కలే మిగిలాయి. మిగతా రెండింటిలో 12, 11. అన్నింటినీ 7కి కుదించమంటున్నాడు మా సీనియర్. రోజూ నీళ్లు పోసి పెంచిన మొక్కలండీ, వాటి లెక్క కొట్టేయడానికి చేతులు రావట్లేదు. సోమవారం గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ఒక్కటి కూడా తీసేయకండి. వన్‌వే అనోవాకి (ఒకే ఫ్యాక్టర్, అంటే ఇక్కడ విత్తనశుద్ధి) గ్రూపులు సమానంగా ఉండాలన్న నియమం లేదు. చూడాల్సింది వేరియెన్స్, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయన్నది. చిన్న గ్రూపులోనే అది ఎక్కువగా ఉంటే అనోవాలో వాడే మామూలు ఎఫ్ టెస్ట్ లేని తేడాను ఉన్నట్టు చూపిస్తుంది. అలాంటప్పుడు 1951లో వెల్చ్ ఇచ్చిన పద్ధతి వాడండి, అది వేరియెన్స్‌లు సమానమని అనుకోదు. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో వన్‌వే.టెస్ట్ ఫంక్షన్ అడక్కుండానే అదే చేస్తుంది. తర్వాత గ్రూపులను రెండేసి చొప్పున పోల్చడానికి గేమ్స్-హోవెల్ పరీక్ష, దానికీ వేరియెన్స్‌లు సమానంగా ఉండక్కర్లేదు.

జవాబు 2: ఎరువు లాంటి రెండో ఫ్యాక్టర్ కూడా ఉంటే జాగ్రత్త. గ్రూపులు సమానంగా లేనప్పుడు, ఆర్‌లో ఏఓవీ ఫంక్షన్ వేసే టైప్ 1 లెక్కలో ఏ ఫ్యాక్టర్ ముందు రాశామన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఎస్‌పీఎస్‌ఎస్ అనే మరో సాఫ్ట్‌వేర్ మామూలుగా ఆ వరుసతో మారని టైప్ 3 ఇస్తుంది. నేను రెండింట్లో చేసి, అంకెలు కలవక రెండు రాత్రులు నిద్రపోలేదు.

జవాబు 3: అసలు సంగతి వేరే ఉందండీ. ఆ ఐదూ చచ్చిపోయింది తెగులుతోనే కదా. బతికినవి గట్టి మొక్కలు. వాటి కాయల బరువు సగటు మాత్రమే చూపిస్తే శుద్ధి చేయని గ్రూపు ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. దీన్ని వెల్చ్ కూడా సరిచేయలేదు. 12లో ఎన్ని బతికాయన్నది విడిగా పట్టిక వేయండి.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే చూశాను. కాయల బరువు స్టాండర్డ్ డీవియేషన్ (వేరియెన్స్‌కి వర్గమూలం) 7 మొక్కల గ్రూపులో 6.1, మిగతావాటిలో 3 దగ్గర. వెల్చ్ చేస్తాను. చనిపోయిన మొక్కల తేదీలు కూడా నోట్‌బుక్‌లో ఉన్నాయి, అవీ పెడతాను.