ఆర్‌సీకి సైనాఫ్ ఇచ్చాక మళ్లీ బిల్డ్ కొట్టడం కరెక్టేనా?

మాదాపూర్_క్యూఏ: మా టీమ్‌లో 2.4.0 ఆర్‌సీ2 (రిలీజ్ క్యాండిడేట్, అంటే ఫైనల్‌కి ముందు టెస్టింగ్‌కిచ్చే బిల్డ్) మొత్తం టెస్ట్ చేసి సైనాఫ్ (రిలీజ్ చెయ్యొచ్చని ఆమోదం) ఇస్తాం. ఆ తర్వాత డెవలపర్ వెర్షన్‌లోంచి ఆర్‌సీ2 తీసేసి, మళ్లీ బిల్డ్ కొట్టి క్లయింట్‌కి పంపేస్తాడు. ఆ ఫైనల్ ప్యాకేజీని మాలో ఎవరూ చూడరు. మీ దగ్గర కూడా ఇంతేనా?

కూకట్‌పల్లి_కోడర్: మారింది వెర్షన్ లైన్ ఒక్కటే. దానికి మళ్లీ టెస్టింగ్ ఏంటి మేడమ్?

మాదాపూర్_క్యూఏ: కోడ్ అదే అయినంత మాత్రాన ప్యాకేజీ అదే అయిపోదండీ. పోయిన రిలీజ్‌లో ఆర్‌సీ, ఫైనల్ రెండు కంటైనర్ ఇమేజ్‌లలోనూ (లైబ్రరీలతో సహా కట్టిన ప్యాకేజీ) పిప్ ఫ్రీజ్ (ఏ లైబ్రరీ ఏ వెర్షనో చూపే పైథాన్ కమాండ్) కొట్టి పక్కపక్కన పెట్టి చూశా. ఒక లైబ్రరీకి మధ్యలో కొత్త వెర్షన్ వచ్చింది. రిక్వైర్‌మెంట్స్‌లో వెర్షన్ ఫిక్స్ చెయ్యలేదు కాబట్టి ఫైనల్‌లోకి అది దూరింది. తేదీల్లో రోజు, నెల తారుమారై రిపోర్టులన్నీ తప్పొచ్చాయి.

నిజాంపేట్_నాని: లైబ్రరీల వెర్షన్లన్నీ ఫిక్స్ చేసే లాక్ ఫైల్ పెట్టుకోండి, అయిపోతుంది.

కూకట్‌పల్లి_కోడర్: అదీ మాట! తప్పు లాక్ ఫైల్ లేకపోవడంది, రీబిల్డ్‌ది కాదు. పైగా వీల్ ఫైల్ (పైథాన్ ప్యాకేజీ) లోపల మెటాడేటాలోనే వెర్షన్ ఉంటుంది, ఊరికే పేరు మార్చి పంపలేం. పైపీఐలో (పైథాన్ ప్యాకేజీలు పెట్టే సైట్) ఒకసారి ఎక్కించిన ఫైల్ పేరుని డిలీట్ చేసినా మళ్లీ వాడనివ్వదు. రీబిల్డ్ చెయ్యక ఏం చెయ్యమంటారు?

మాదాపూర్_క్యూఏ: చెయ్యొద్దనట్లేదు, చేసినదాన్ని మాకివ్వమంటున్నా. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ (లినక్స్‌లో ఫైళ్లు కుదించే టూల్) బ్యాక్‌డోర్ (దొంగదారి) గుర్తుందా? దాన్ని బిల్డ్‌లోకి లాగే స్క్రిప్ట్ గిట్‌లో (సోర్స్ కోడ్ దాచే చోటు) లేదు, 5.6.0, 5.6.1 రిలీజ్ టార్‌బాల్స్‌లోనే (విడుదల చేసిన ప్యాకేజీ ఫైళ్లు) ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ (రిమోట్) లాగిన్ అర సెకను లేటవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తవ్వబట్టి దొరికింది. గిట్ ఒక్కటే చూస్తే ఎవరికీ తెలిసేది కాదు.

కూకట్‌పల్లి_కోడర్: అది కుట్ర. మేమేమైనా దొంగలమా?

గచ్చిబౌలి_ఆప్స్: కంటైనర్ ఇమేజ్ అయితే రీబిల్డే అక్కర్లేదు, టెస్ట్ చేసిన డైజెస్ట్‌కే (ఆ ఇమేజ్‌కున్న గుర్తింపు కోడ్) కొత్త ట్యాగ్ (పేరు) వేస్తే చాలు. వీల్‌కి అలా కుదరదు. మీరిద్దరూ మాట్లాడేది ఒకే దాని గురించి కాదు.

కూకట్‌పల్లి_కోడర్: నాకు ఒళ్లు మండేది వేరే. మా టెస్టర్లు స్ప్రింట్ అంతా ఊరుకుని, రిలీజ్ రోజు సాయంత్రం బ్లాకర్ (రిలీజ్ ఆపాల్సిన బగ్) లేపుతారు. క్లయింట్ కాల్‌లో తిట్లు తినేది నేను. అమీర్‌పేటలో కోర్సు చేసొచ్చి మాకు బిల్డ్ గురించి చెప్తారా?

మాదాపూర్_క్యూఏ: అవును, అమీర్‌పేటలోనే నేర్చుకున్నా. అయితే ఏంటి? ఆ తేదీల గొడవకి ఆర్‌సీఏలో (మూలకారణం రిపోర్ట్) ఏం రాశారో తెలుసా? 'టెస్టింగ్‌లో మిస్ అయింది' అని. నా కంట పడని ఫైల్‌కి నా పేరు! ఆ ఏడాది నా రేటింగ్ దాంతోనే పోయింది.

నిజాంపేట్_నాని: మా దగ్గరా ఇదే కథ.

కూకట్‌పల్లి_కోడర్: అమీర్‌పేట మాట వదిలెయ్యండి. ఫైనల్ బిల్డ్ ఇస్తాం, అరగంట స్మోక్ టెస్ట్ (ముఖ్యమైనవి మాత్రం పైపైన చూడటం) చేసుకోండి. కానీ రిలీజ్ ఆపడం మీ చేతిలో ఉండదు. క్లయింట్‌కి డేట్ ఇచ్చింది మేనేజర్.

మాదాపూర్_క్యూఏ: అప్పుడు సైనాఫ్ కూడా ఆయనే ఇవ్వాలి. ఆపే హక్కు లేనప్పుడు నా సంతకం దేనికి? ఇకమీదట మెయిల్‌లో ఆర్‌సీ2 అని, దాని హ్యాష్‌తో (ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్) సహా రాస్తా. ఆ హ్యాష్ ఉన్న ఫైల్‌కే నా సైనాఫ్.