అడ్డుతెర, తమలపాకులు: రెండూ ఒకే ముహూర్తంలో ఎలా?

నమస్తే. మా చెల్లె పెళ్లి వచ్చే నెల నల్గొండలో, రెండు వైపులా కలిపి 60 మందితో. అబ్బాయి వాళ్లది కోల్‌కతా. ముహూర్తం ఉదయం 10:48.

చిక్కంతా తొలిచూపు దగ్గరే. మన దగ్గర జీలకర్ర బెల్లం పెట్టాకే అడ్డుతెర తీస్తారు. బెంగాలీలకు శుభదృష్టి ఉంటుంది. పెళ్లికూతురు తమలపాకులతో ముఖం కప్పుకుని పీట మీద కూర్చుంటే, అన్నదమ్ములు పీటెత్తి వరుడి చుట్టూ ఏడుసార్లు తిప్పుతారు. ఆ తర్వాతే ఆకులు తీసి అతన్ని చూడాలి.

వాళ్ల తంతు ముందు పెడదామంటే, తెర తీయకముందే చూసుకోవడానికి మా నానమ్మ ఒప్పుకోవట్లేదు. తర్వాత పెడదామంటే, అప్పటికే చూసుకున్నాక ఇంకేం శుభదృష్టి అని అబ్బాయి వాళ్లమ్మ బాధపడుతున్నారు. ఆమె మాటా న్యాయమే. ముందురోజు రాత్రి చేద్దామంటే వాళ్ల రైలు వచ్చేదే పెళ్లిరోజు తెల్లవారుజామున.

మా పంతులుగారు ఒక దారి చెప్పారు: ఏడు చుట్లు 10:30కల్లా ముగించి, ఆకులు తీయకుండానే పీటను తెర వెనక దించమన్నారు; జీలకర్ర బెల్లం పెట్టి తెర దించినప్పుడే ఆకులూ తీయాలి. ఇద్దరు పెద్దవాళ్లకూ ఇది నచ్చింది. కానీ మా పిన్నిని వరుడి స్థానంలో కూర్చోబెట్టి చేసి చూస్తే, చెల్లె కుడిచేయి జీలకర్ర బెల్లంతో ఎదుటివాళ్ల తల మీద ఉన్నప్పుడు, ఎడమచేతిలో రెండు ఆకులూ నిలవడం లేదు. పైది జారి సగం ముఖం కనిపిస్తోంది. ఆకులకు దారం కట్టినా ఆగలేదు.

ఇలా రెండూ కలిపి చేసినవాళ్లు చెప్పండి: చేయి తల మీద ఉండగా, తెర దించేదాకా ఆకులు జారకుండా ఎలా పట్టించారు?