అప్‌డేట్: పొట్టేలు పుర్రె తెల్లబడింది

పొట్టేలు పుర్రెను ఇంట్లో అలంకారంగా పెట్టుకోవాలి, దాని మీది పసుపు మరకలు ఎలా పోతాయని అడిగాను కదా. ఉడకబెట్టవద్దు, బ్లీచ్ జోలికి పోవద్దు అన్నవారందరికీ నమస్కారం. ఉడికిస్తే కొవ్వు ఎముకలోకి ఇంకిపోతుంది. బ్లీచ్ ఎముకను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను తినేసి సుద్దముక్కలా పెళుసు చేస్తుంది.

ఆ మరకలన్నీ కొవ్వే. గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, నీళ్లు మసకబారినప్పుడల్లా మారుస్తూ వచ్చాను. ఓపికను పరీక్షించేది ఈ దశే, ఫలితమంతా కూడా ఇందులోనే ఉంది. కొవ్వు మిగిలితే ఎంత తెల్లబరిచినా పసుపు మళ్లీ పైకి తేలుతుంది. నీళ్లు తేటగా నిలిచాకే, తెల్లబరచడానికి 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు సమానంగా నీళ్లు కలిపి, గ్లోవ్స్ వేసుకుని అందులో ముంచాను. మూత బిగించలేదు, ఆక్సిజన్ వెలువడుతూ ఉంటుంది.

కొమ్ముల తొడుగులను ముందే ఊడదీసి పక్కన పెట్టాను. అవి కెరాటిన్, అంటే మన గోళ్లలో ఉండే పదార్థమే, పెరాక్సైడ్ తగిలితే రంగు పోతుంది. ఊడిన పళ్లను ఫెవికాల్‌తో అతికించాను. పై దవడకు ముందు పళ్లు లేవని కంగారు పడకండి, గొర్రె జాతికి అవి ఉండవు.

ఇప్పుడు నీడలో ఆరుతోంది. వార్నిష్ మాత్రం వేయను. మెరుపు లేని ఎముకే నాకు అందంగా కనిపిస్తోంది.